తలకిందులుగా రాసిన పేరు

పదకొండో భాగం

...కాదు, అందులో క్రూరత్వం లేదు. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ పేరును బాప్తిస్మాల పుస్తకంలో తలకిందులుగా రాసిన పాస్టర్లు కోపంతో రాసి ఉండరు. కోపంలో ఉన్నవాడి అక్షరాలు వంకర పోతాయి. ఇవి ఎంత కుదురుగా ఉన్నాయో. రాసేవాడు ముందు కలం కింద పెట్టి ఉండాలి. ఇంత బరువు పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి తిప్పి ఉండాలి. మళ్లీ కలం అందుకొని సిరాలో ముంచి ఉండాలి. ఒక పసిబిడ్డను అవమానించడానికి అంత శ్రమ పడ్డారు. అలా శ్రమపడి చేసే పనిలో కోపం ఉండదు, విధి ఉంటుంది. విధి తెలిసినవాళ్లంటే గెసీనాకు మొదటినుంచీ భయమే. తనూ వాళ్లలో ఒకతె.

శుక్రవారం మధ్యాహ్నం. లీన్‌వెడె చర్చి ఆఫీసంటే వేరే భవనం కాదు, గుమాస్తా ఇంటి ముందుగది. కిటికీ అవతల ఫిబ్రవరి బురద, సమాధుల గోడవారన కరగకుండా మిగిలిన మాసిన మంచు. బల్లమీద రెండు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి 1861 బాప్తిస్మాలు, రెండోది 1862 పెళ్లిళ్లు. పొద్దున పదింటి నుంచీ ఆమెకు వాటిని మూయడం చేతకాలేదు.

సోమవారం గడువు. వంశంలో యూదులు లేరని రుజువు చూపమనే కొత్త చట్టం వచ్చి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ ఊరందరికీ తాతముత్తాతల నకళ్లు రాసిచ్చింది గెసీనా రోట్‌మనే. 1874 తర్వాత పుట్టినవాళ్లకు పట్నంలో సర్కారు రిజిస్ట్రారు ఉన్నాడు. అంతకుముందు వాళ్లకు దిక్కు ఈ చర్చి పుస్తకాలు, వాటిని చదవగలిగిన ఈ నలభై నాలుగేళ్ల పెళ్లికాని మనిషి. నకళ్లు రాసేవాళ్లు తమ సొంత నకళ్లు కూడా చూపాలని క్రిస్మస్ ముందు ఉత్తర్వు వచ్చింది. ఆమె వంశ పట్టికలో ఒక్క గడి ఖాళీ. అమ్మ కత్రీనాకు తండ్రి ఎవరు? ‘తెలియదు’ అని రాస్తే ఈ రోజుల్లో ఆ మాటకు అర్థం ‘ఎవరైనా కావచ్చు’ అని. అప్పుడు ఆఫీసు పోతుంది, ఆదివారం వాయించే ఆర్గన్ పోతుంది, తను పుట్టిన ఈ ఇల్లు పోతుంది. ఈస్టర్‌కల్లా ఖాళీ చేయాలి.

పదిహేను రోజుల కిందట, అమ్మ బాప్తిస్మం రాసిన చోట అంటించి ఉన్న కాగితం పట్టీని ఆమె కెటిల్ ఆవిరి పట్టి లేపింది. ఎప్పుడో వానకు నానితే చేసిన మరమ్మతని నాన్న చెప్పేవాడు. నాన్న ఈ ఊరి బడిపంతులు, చర్చి గుమాస్తా, ఆర్గన్ వాయించేవాడు. ఆయన మరమ్మతు అంటే మరమ్మతే అనుకుంది. పట్టీ కింద కాగితం ఎక్కడా నానలేదు. శుభ్రంగా ఒక పేరు ఉంది. టోన్నీస్ హైన్‌రిష్ ఉప్‌హోఫ్. మంత్రసాని ప్రమాణపూర్వకంగా చెప్పినదాని ప్రకారం బిడ్డ తండ్రి.

ఆ రోజు ఆమెకు కలిగింది సంతోషం కాదు, ఊరట. లీన్‌వెడెలో ఉప్‌హోఫ్ అనేవాళ్లు లేరు. ఎవరో పొరుగూరి కూలివాడై ఉంటాడు. ఒక పుట్టుక, ఒక చావు సంపాదిస్తే చాలు, గడి నిండుతుంది. నాలుగు ఊళ్ల చర్చిలకు ఉత్తరాలు రాసింది. ఒక చోట పుట్టుక దొరికింది. 1836, చిన్న రైతు నాలుగో కొడుకు. చావు మాత్రం ఎక్కడా లేదు. పుట్టి, ఒక ఆడపిల్లను కని, గాలిలో కలిసిపోయిన మనిషి. బ్రెమెన్‌లో ఓడెక్కి ఉంటాడనుకుంది. కమ్మరి అత్తగారిని అడిగింది, పాత మంత్రసాని కూతుర్ని అడిగింది. ఎవరూ ఎరగరు.

పుట్టుకలు వెతికింది, చావులు వెతికింది. సొంత ఊరి పెళ్లిళ్ల పుస్తకం మాత్రం తెరవలేదు. పైనుంచి వచ్చిన గుమాస్తా అయితే మొదట అదే తెరిచేవాడు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకే అది తట్టదు. ఈ వైపు పేరు మనిషిది కాదు, పొలానిది. వారసురాలిని కట్టుకొని ఇల్లరికం వచ్చినవాడు బురద చెక్కబూట్లు విడిచినట్టు సొంత పేరును గుమ్మం దగ్గర విడిచి లోపలికి పోతాడు. తర్వాత అతని బిడ్డలకు పొలం పేరే, అతని సమాధి రాయికీ పొలం పేరే. అతను వేరే పేరుతో పుట్టాడని ముప్పై ఏళ్లకు ఎవరికీ గుర్తుండదు. పందిట్లో పెద్ద పీట మీద కూర్చున్న ముసలాయన ఎప్పుడూ ఆ పొలం ముసలాయనే.

ఈ ఉదయం ఆమె ఆవర్‌బెక్ వాళ్ల వంశ పట్టిక పూర్తి చేస్తోంది. ల్యూడర్ ఆవర్‌బెక్ తన పెద్దకొడుకు పేరిట పొలం పెట్టాలంటే 1800 దాకా పత్రాలు కావాలి. ల్యూడర్ తల్లి ఎంగెల్. ఎంగెల్ తల్లి పొలం వారసురాలు. ఎంగెల్ తండ్రి? పెళ్లిళ్ల పుస్తకం తెరిచి, మే నెల, పన్నెండో నమోదు దగ్గర ఆమె వేలు ఆగింది.

‘టోన్నీస్ హైన్‌రిష్ ఉప్‌హోఫ్, ఇకపై ఆవర్‌బెక్.’

కలం పక్కన పెట్టింది. అప్పుడు అమ్మకు ఆరు నెలలు.

ఊరంతా ఒక మనిషిని అరవై ఏళ్లపాటు రోజూ చూస్తూ చూడకుండా ఉండటం ఎలా సాధ్యం? ఆవర్‌బెక్ తాత చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఆయన తల మీదుగా నాన్న ఆర్గన్ వాయించేవాడు. అమ్మ మూడో వరసలో, ఆయన మెడ వెనక భాగం చూస్తూ పాడేది. అమ్మకు తెలుసా? తెలిసి ఆ మెడ చూస్తూ పాడిందా? గెసీనా చిన్నప్పుడు చర్చి గుమ్మంలో ఆయన జేబులోంచి ఎండిన బేరిపండు ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. పెట్టి, వెంటనే వదలకుండా, ఆ చేతివేళ్లను ఒక్కొక్కటే చూసేవాడు, దూడ పళ్లు చూసే బేరగాడిలా. ముసలాయన చాదస్తం అనుకునేది. ఆయన అంత్యక్రియల రోజు నాన్న ఆర్గన్ దగ్గర, తను వెనకాల దానికి గాలినిచ్చే తోలుతిత్తి తొక్కుతూ. సొంత తాత అంతిమయాత్రకు ఊపిరి తొక్కి అందించింది, తొందరగా అయిపోతే బాగుండును, కాలు పీకుతోంది అనుకుంటూ.

ఇవన్నీ కాదు అసలు బాధ. అసలు బాధ ఇంకొకటి, దాని చుట్టూనే తిరుగుతోంది తను, తేనెపట్టు చుట్టూ తిరిగినట్టు. 1919. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ల్యూడర్. అప్పటికి తమ ఇద్దరి ప్రేమ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ వసంతంలో ఎంగెల్ ఆవర్‌బెక్ చర్చి బయట, పదిమంది వింటుండగా, అన్న మాట: "తండ్రెవరో తెలియని దాని కూతురు మా గుమ్మం తొక్కదు." ల్యూడర్ తల దించుకున్నాడు. మరుసటేడు వేరే పొలం పిల్లను చేసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం మీద గెసీనా పద్దెనిమిదేళ్లు కట్టుకుంది. మౌనం, కుదురైన చేతిరాత, ఎవరినీ దగ్గరికి రానివ్వని మర్యాద, అన్నీ ఆ దూలం మీద నిలబడ్డాయి. అవమానం కూడా ఒక ఆస్తే. ఇప్పుడు ఆ ఆస్తి కూడా తనది కాదట. ఆ వాక్యం అబద్ధమట. ఆ తండ్రి, ఆ మాట అన్న మనిషికీ తండ్రేనట.

తలుపు తట్టకుండా తెరిచేది ఈ ఊళ్లో ఒక్కరే.

"పట్టిక అయిందా?" అంది ఎంగెల్ ఆవర్‌బెక్, గుమ్మంలో చెక్కబూట్లు విడుస్తూ. డెబ్బై మూడేళ్ల మనిషి. నల్ల శాలువా, నల్ల టోపీ. మోచేతికి ఒక బుట్ట, దానిమీద గళ్ల గుడ్డ.

"అయింది అమ్మగారూ. సిరా ఆరుతోంది."

"నీ సిరా ఆరేలోపు ఊరు ముసలిదైపోతుంది." వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. "పొయ్యిలో రెండు గడ్డలు వెయ్యవే. చలికి ఇక్కడే చస్తే ఆ చావు కూడా నువ్వే రాయాలి, నీకే పని."

గెసీనా లేచి పొయ్యిలో ఎండబెట్టిన పీట్ మట్టిగడ్డలు వేసింది. తిరిగి చూసేసరికి ముసలామె బుట్టలోంచి మూత పెట్టిన మట్టిగిన్నె తీసి బల్లమీద పెడుతోంది. పంది కోసిన ఇంటివాళ్లు గుమాస్తా ఇంటికి సాసేజ్ ఉడికించిన రసం పంపడం ఆనవాయితీ. ఆవర్‌బెక్ వాళ్లు మంగళవారం కోశారు. ఇంత కాలం ఆ రసం పనిమనిషి చేత వచ్చేది. ఈరోజు స్వయంగా తెచ్చిందంటే.

"వారం నుంచీ ఊళ్లో ఉప్‌హోఫ్ ఎవరని అడుగుతున్నావట," అంది ఎంగెల్.

"ఎవరు చెప్పారు?"

"కమ్మరి అత్త నోట్లో నువ్వుగింజ నానుతుందా? నన్నే అడగొచ్చుగా."

"మీరు చెప్పేవారా?"

"చెప్పను. కానీ అడగొచ్చుగా."

గెసీనా తన కుర్చీలో కూర్చుంది. అప్పుడే చూసింది. బాప్తిస్మాల పుస్తకం తనవైపు తెరిచి ఉంది. పెళ్లయిన తల్లుల బిడ్డలందరూ తనకు నిటారుగా ఉన్నారు, అమ్మ ఒక్కతే తలకిందులు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్లకు మాత్రం అమ్మే నిటారు. మిగతా ఊరంతా తలకిందులు. నాలుగేళ్లలో ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. ఎదుటి కుర్చీలో తనెప్పుడూ కూర్చోలేదు. ఎంగెల్ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. చదువుతోంది.

"కళ్లజోడు లేకుండానే కనబడుతోంది," అంది కాసేపటికి. "ఆ పాస్టరుగారి చేతిరాత మంచిది. మా అమ్మానాన్నల పెళ్లి కూడా ఆయనే చేశాడు."

"ఆరు నెలల తర్వాత."

"ఆరు నెలల తర్వాత." శాలువా సర్దుకుంది. "అయితే ఏమిటంటావ్? నొప్పుల్లో ఉన్న ఆడది ఏ పేరైనా చెబుతుంది. అప్పట్లో మంత్రసాని చేత ప్రమాణం చేయించేవాళ్లు, తండ్రి పేరు చెప్పేదాకా చెయ్యి వెయ్యనని. ప్రాణం మీదికొస్తే ఎవరి పేరు చెబితే ఏంటి? నేనైతే రాజుగారి పేరే చెప్పేదాన్ని."

"మా అమ్మమ్మ ఇల్సాబైన్ రాజుగారి పేరు చెప్పలేదు."

"లేదు." ముసలామె కిటికీ వైపు చూసింది. "పిచ్చిమొహం. నిజమే చెప్పింది."

గదిలో పొయ్యి చిటపట మొదలుపెట్టింది. ఎంత మామూలుగా అనేసింది. ఇన్నేళ్లు తను ఊహల్లో ఈ మనిషితో వందసార్లు వాదించింది. వంద వాదనల్లోనూ ఎంగెల్ అరిచేది, కాదనేది, చివరికి కుప్పకూలేది. ఒక్కదానిలోనైనా ఇలా కిటికీ వైపు చూసి ఒప్పుకోలేదు. మనం ద్వేషించే మనిషి మన ఊహలో ఉన్నంత చెడ్డగా బయట ఎప్పుడూ ఉండదు. అది కూడా ఒక మోసమే.

"మీకెప్పుడు తెలిసింది?"

"పందొమ్మిదిలో. ల్యూడర్ నీ పేరెత్తిన వారానికి. మా నాన్న నన్ను గొడ్లచావిట్లోకి పిలిచాడు. ఎనభై దాటిన మనిషి, ఆవు పక్కన స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. 'ఆ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే నాకు ముద్ద దిగదు ఎంగెల్' అన్నాడు. 'దాని చేతులు ఇల్సాబైన్ చేతులే' అన్నాడు."

గెసీనా తన చేతులు బల్లకింద పెట్టుకుంది.

"అక్కాచెల్లెళ్ల పిల్లలు చేసుకున్న ఇళ్లు ఈ చర్చి కింద ఆరున్నాయి," అంది. తన గొంతు తనకే ఆఫీసు గొంతులా వినబడింది. "పొలం చీలకూడదని చేసుకున్నారు. అన్నీ నా చేత్తోనే నకళ్లు రాశాను. చట్టం ఒప్పుకుంటుంది, పాస్టరు ఒప్పుకుంటాడు. అడ్డమేం లేదు."

"చట్టం అడ్డమని ఎవరన్నారు? మా నాన్న మొహం అడ్డం. ఆయనకు ఇంకొక్క ఏడాది ఆయుష్షు ఉంది. ఆ ఏడాది ఆయన తల ఎత్తుకు తిరగాలి."

"దానికి నేను తల దించుకోవాలి."

"నువ్వు చిన్నదానివి. నీకు అలవాటవుతుందనుకున్నాను." చేయి మట్టిగిన్నె వైపు చాచింది. "అయిందిగా."

నిజమే, అయింది. అలవాటు ఎంత లోతుగా అయిందంటే, ఇప్పుడు ఎదురుగా నిజం కూర్చుంటే దానికి కాఫీ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తోంది.

ఎంగెల్ మట్టిగిన్నె మూత తీసింది. సాసేజ్ రసం కాదు. బూడిదరంగు బంక, నున్నగా, పైన సన్నని తెట్టు కట్టి ఉంది. బుట్టలోంచి పంది వెంట్రుకల కుంచె ఒకటి తీసి గిన్నె అంచున ఆనించింది.

"రై గింజల పిండి. పొద్దున్నే కాచాను. అప్పుడు కాచింది కూడా నేనే. ఈ బల్ల మీదే పెట్టాను, ఇదే గిన్నె. మీ నాన్న అంటించాడు."

"నాన్న."

"ఆయన చెయ్యి తిన్నన. నాదైతే వంకర పోయేది."

వానకు నానింది అన్నాడు నాన్న. ఎంత ఓపికగా అన్నాడు. పుస్తకం తాకితే ముందు చెయ్యి కడుక్కోవాలని నేర్పిన మనిషి. ఒక్క అక్షరం చెరిపినా అది దొంగతనమే అని బల్ల మీద వేలితో కొట్టి చెప్పిన మనిషి. తన కూతురు పక్కగదిలో మొహం గోడకు తిప్పుకుని పడుకున్న వారంలో, ఈ కుర్చీలో కూర్చుని, కుంచె బంకలో ముంచి, కూతురి తాతను కప్పేశాడు.

"ఆయన అడగలేదా?" అంది గెసీనా. "'నా కూతురి మాటేమిటి' అని?"

"అడిగాడు. ఒకసారి."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. చర్చి సంఘం పెద్ద అప్పుడు మా ఆయన. గుమాస్తా ఎవరో, ఈ ఇంట్లో ఎవరుండాలో చెప్పేది సంఘమే. అది ఆయనకు నేను చెప్పాలా? రెండోసారి అడగలేదు." ఎంగెల్ చూపుడువేలితో గిన్నెను రవ్వంత ముందుకు జరిపింది. "చెడ్డ మనిషి కాడే మీ నాన్న. భయస్థుడు. భయస్థుడు కాబట్టి నీకు ఇన్నాళ్లు నెత్తిమీద కప్పు మిగిలింది. ఇప్పుడు విను. ఎండాకాలం ముందు పట్నం నుంచి మనుషులొస్తారట, పుస్తకాలన్నీ ఫొటోలు తీస్తారట. మనవడి పట్టికలో ఉప్‌హోఫ్ అని నువ్వే రాశావు, రాయక తప్పదు. వాళ్లు ఇదీ చూస్తారు, అదీ చూస్తారు. ఊరు నవ్వుతుంది. పట్టీ మళ్లీ అంటించు. నీ కాగితాల సంగతి ల్యూడర్‌కి నేను చెబుతాను. ఇప్పుడు సంఘం పెద్ద వాడే. 'విచారణలో ఉంది' అని రాసి పంపుతాడు. ఏడాది గడుస్తుంది. మళ్లీ రాస్తాడు. ఆఫీసు నీదే, ఆర్గన్ నీదే, ఇల్లు నీదే. నేనున్నంతకాలం."

"అంటించకపోతే?"

"జిల్లా వాళ్లకు ఆ పేరు రాసిచ్చుకో. వాళ్లు మమ్మల్ని అడుగుతారు. మంత్రసాని మాటకు ఏం విలువ, ఆ ముసల్ది తాగేది అని చెబుతాను. గడి ఖాళీగానే ఉంటుంది. ఈస్టర్‌కి నీ పెట్టె బయట ఉంటుంది."

"మీరు కాదంటే సరిపోదు," అంది గెసీనా మెల్లగా. "పొలం యజమాని మీరు కాదు. ఏడేళ్ల నుంచి ల్యూడర్. ఆయన సంతకం చేస్తే గడి నిండుతుంది."

మొదటిసారి ముసలామె మొహంలో ఏదో కదిలింది. "వాడికి తెలియదు."

"ఏమీ?"

"ఏమీ తెలియదు. నేనన్నదే నమ్మాడు. తండ్రిలేని దాని కూతురని." గొంతు సవరించుకుంది. "తెలియక్కర్లేదు కూడా."

అంటే అతను తల దించుకున్నది ఆ వాక్యానికి. వట్టి వాక్యానికి. ఇందులో ఓదార్పు ఏమైనా ఉందా అని ఆమె వెతికింది, జేబులో తాళంచెవి వెతికినట్టు. లేదు. నిజం తెలిసి వదిలేసిన మనిషిని కొంచెం గౌరవించవచ్చు. అబద్ధం విని వదిలేసినవాడు అబద్ధమంత తేలికైనవాడు.

ఎంగెల్ ఆమె మొహం చూసి ఇంకేదో అనుకున్నట్టుంది. మెత్తబడుతోందని అనుకుందేమో, గట్టిగా నొక్కింది.

"పెద్ద నిజాయితీపరురాలివి, నాకు తెలుసు. ఆ మారింగ్ పంతులుగారి భార్య నీ దగ్గరికి ఏడుస్తూ వచ్చింది గుర్తుందా? ఈ కుర్చీలోనేగా కూర్చుంది? ఆయన నాయనమ్మ బాప్తిస్మం పుస్తకంలో వయసు ఇరవై రెండని ఉంది. పసిపిల్ల కాదు, అవతలి మతం నుంచి వచ్చి తీసుకున్నది. ఆ ఒక్క లైను వదిలేయమంది ఆవిడ. ఏమన్నావ్ నువ్వు?"

గెసీనాకు గుర్తుంది.

"పుస్తకంలో ఉన్నదే రాస్తానన్నావ్. ఊరంతా చెప్పుకున్నారు, ఎంత నికార్సైన మనిషో అని. ఆయన ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయారు. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకే? నేనడిగేది అంతకన్నా చిన్న సాయం. రాయమనడం లేదు, కొట్టేయమనడం లేదు. ఒక కాగితం ముక్క."

ఆ రోజు పంతులుగారి భార్య చేతులకు ఊలు తొడుగులున్నాయి. బూడిదరంగువి, బొటనవేలి దగ్గర కుట్టు వేసినవి. వాటిని విప్పకుండానే మాట్లాడింది. "ఒక్క అంకె అండీ," అంది. అప్పుడు తను కలం సిరాలో ముంచి, ఇంకెప్పుడూ లేనంత అందంగా, ఇరవై రెండు అని అక్షరాల్లో రాసింది. రాస్తున్నప్పుడు లోపల కలిగింది విధి కాదు. ఇప్పుడు ఒప్పుకోవాలి. అది ఒక చల్లని సుఖం. పుస్తకం తనను ఇన్నేళ్లూ తలకిందులుగా వేలాడదీసింది, ఇప్పుడు ఇంకొకరిని వేలాడదీస్తోంది అని. అంతే. పాస్టర్లకు కోపం లేకపోయి ఉండవచ్చు. తనకు ఉంది. కుదురైన అక్షరాల్లో కూడా కోపం ఉంటుంది. పొద్దుటినుంచీ తను అనుకుంటున్నదంతా తప్పు.

ఇప్పుడు పట్టీ అంటించనంటే అది నిజాయితీ అవుతుందా? కాదు. మారింగ్ పంతులు తిరిగి రాడు. తను ఏం చేసినా అది మంచిపని కాబోదు, మంచిపనులకు సమయం ఆవిడ ఈ కుర్చీలోంచి లేచినప్పుడే దాటిపోయింది. మిగిలింది ఒక్కటే. ఆవిడకు చేయనన్న పని తనకోసం చేసుకుంటే, ఆ రోజు రాసిన ఆ ఇరవై రెండుకు కనీసం విధి అనే ముసుగు కూడా మిగలదు.

"బంక ఆరిపోతోంది," అంది ఎంగెల్.

"కాఫీ తాగుతారా పిన్నీ?" అంది గెసీనా.

ముసలామె మెడమీద ఎర్రని మచ్చలు లేచాయి.

"అలా పిలవకు."

"ఎలా పిలవను? అమ్మకు మీరు చెల్లెలు. రెండేళ్లు చిన్న. పుస్తకంలో ఉన్నదే అంటున్నాను."

"పిలవద్దన్నాను."

బయట బండి చక్రాలు బురదలో ఆగిన చప్పుడు. గుర్రం ఒకసారి చీదింది. బూట్లు తుడుచుకుంటున్న మనిషి అడుగులు. ఈ అడుగులను గెసీనా ఎక్కడైనా గుర్తుపడుతుంది. యుద్ధంలో తగిలిన దెబ్బకు ఎడమకాలు కొంచెం ఆలస్యంగా పడుతుంది. ల్యూడర్ తట్టాడు, ఆగాడు, మళ్లీ తట్టాడు. ఆవర్‌బెక్ వాళ్లలో తలుపు తట్టేది అతనొక్కడే.

ఎంగెల్ ఉన్నచోటే కూర్చుని అరచేయి చాచి పుస్తకం మీద పెట్టింది. సరిగ్గా అక్కడ, పట్టీ ఉండే చోట. వేళ్లు దగ్గరగా చేర్చి, పేరు పూర్తిగా కప్పేలా.

"అమ్మా, అయిందా?" ల్యూడర్ గుమ్మంలో టోపీ తీశాడు. జుట్టు పలచబడింది. గెసీనా వైపు చూసీ చూడనట్టు తల ఊపాడు. "నమస్కారం గెసీనా గారూ. సోమవారం సంగతి... మిమ్మల్ని తీసేయడానికి నేను సంతకం పెట్టాల్సి వస్తుందేమో. నాకు ఇష్టమై కాదు. మీరు ఏదైనా కాగితం..."

"పద, పోదాం," అంది తల్లి. కానీ లేవలేదు. లేస్తే చెయ్యి తీయాలి.

"లే మరి. గుర్రం చలికి నిలబడటం లేదు." వచ్చి తల్లి కుర్చీ వెనక నిలబడ్డాడు. అతని కళ్లు బంక గిన్నె మీద, కుంచె మీద, తర్వాత తెరిచిన పుస్తకం మీద పడ్డాయి. అతను నిలబడింది ఆ వైపే. అక్కడి నుంచి చూస్తే అమ్మ పేరు నిటారుగా ఉంటుంది. "ఏంటమ్మా ఇది? దేనిమీద పెట్టావ్ చెయ్యి?"

"ఏం లేదు. కళ్లు తిరిగాయి, ఆనుకున్నాను."

గెసీనా ఆ చేతిని చూసింది. గోధుమరంగు మచ్చలు, ఉబ్బిన కణుపులు, ఉంగరం దిగబడిన వేలు. బొటనవేలు బయటికి వంగి ఉంది, తన బొటనవేలు వంగినట్టే; ఆ వంపు ఒక్కటి ఇల్సాబైన్‌ది కాదు. పద్దెనిమిదేళ్లలో ఈ మనిషిని ఒక్కసారి కూడా తాకలేదు. చర్చి గుమ్మంలో కూడా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

బల్ల మీదుగా ముందుకు వంగింది. ముసలామె మణికట్టును రెండు వేళ్లతో పట్టుకుంది. పొడిగా, వెచ్చగా, అనుకున్నదానికన్నా తేలికగా ఉంది. ఆవిరి పట్టిన కాగితాన్ని చిరగకుండా లేపినట్టు, ఆ చేతిని పుటమీద నుంచి లేపింది.